లండన్ మ్యూజియంలలో ఒక వేసవి వారం

సోమవారం

లండన్‌లో పెద్ద మ్యూజియంలు చాలావాటికి టికెట్ లేదన్న సంగతి మనవాళ్ళు విమానం ఎక్కకముందే చెప్పేస్తారు. లోపల వాటి గురించి చెప్పే మనుషులు కూడా ఊరికే దొరుకుతారని మాత్రం ఎవరూ చెప్పరు. గుంటూరులో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన దాన్ని. 2025 జులై చివర్లో చెల్లెలి ఇంటికి వచ్చినప్పుడు నాకున్న కోరిక ఇదే. బొమ్మలు ఎలాగూ చూస్తాను. వాటి పక్కన నిలబడి వీళ్ళు ఏం చెబుతారో, ఎలా చెబుతారో వినాలి.

చెల్లెలి వాళ్ళు ఉండేది ఇల్‌ఫర్డ్‌లో. ఎలిజబెత్ లైన్ ఎక్కితే ఎక్కడా మారకుండా టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి బ్రిటిష్ మ్యూజియంకి నాలుగు అడుగులు. బడులకు సెలవులిచ్చారు కాబట్టి చెల్లెలి కూతురు నాకు తోడు వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. తెలుగు బాగానే మాట్లాడుతుంది, కోపం వస్తే మాత్రం ఇంగ్లీషే.

ఇక్కడ వాలంటీర్లు రోజూ ఒక్కో గదిలో అరగంట, ముప్పావు గంట టూర్లు నడుపుతారు. డబ్బులు లేవు. మేం మొదటి నంబరు గదిలో ఒకటి పట్టుకున్నాం. మూడో జార్జి రాజు పుస్తకాల కోసం 1820లలో కట్టిన పొడవాటి హాలు అది. చెప్పినావిడ వయసులో నాకన్నా పెద్దది. మెడలో బ్యాడ్జి, కాళ్ళకు మెత్తటి బూట్లు, చేతిలో కాగితం ముక్క కూడా లేదు. మొదటి మాటే పుస్తకాల గురించి. "రాజు గారి పుస్తకాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఈ బీరువాల్లో మీకు కనిపించేవి పార్లమెంటు నుంచి తెచ్చి పెట్టినవి" అంది. అందరూ ఫక్కున నవ్వారు. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తారు.

నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాళ్ళకు ఆ కిటుకు వెంటనే అర్థమవుతుంది. ముందు కళ్ళ ఎదుట ఉన్నదాన్ని కొంచెం అనుమానించేలా చేయాలి, ఆ తర్వాతే చరిత్ర. 1753లో ఈ మ్యూజియం పుట్టడానికి కారణమైన హాన్స్ స్లోన్ సేకరణ గురించి చెబుతూ, ఆయన సంపదలో కొంత జమైకాలో బానిసలు పనిచేసిన చెరకు తోటల నుంచి వచ్చిందని కూడా అదే గొంతుతో చెప్పింది. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. అది నాకు బాగా నచ్చింది.

ఈజిప్టు పాత లిపిని చదవడానికి దారి చూపిన రోసెట్టా రాయి అసలుది వేరే గదిలో గాజు వెనక ఉంటుంది, చుట్టూ జనం. ఈ గదిలో ఉన్న నకలును మాత్రం చేత్తో తాకొచ్చు. మా పిల్ల అక్కడే పది నిమిషాలు నిలబడి అక్షరాల మీద వేళ్ళు తిప్పింది. ఇంకో గదిలో వాలంటీరు ఒకరు బల్ల వేసుకుని కూర్చున్నారు. బల్ల మీద నిజమైన పాత వస్తువులు. అడిగితే మన చేతిలో పెడతారు. బరువు చూడమంటారు, తిప్పి చూడమంటారు. చిన్నపిల్లలున్నవాళ్ళు ముందు ఈ బల్లలెక్కడున్నాయో కనుక్కుని వెళ్ళడం మంచిది.

మధ్యాహ్నం ముప్పై మూడో గదికి వెళ్ళాం. చైనా, దక్షిణాసియా బొమ్మలున్న పొడవైన గ్యాలరీ. దాని చివర గాజు గోడ, గాజు అవతల అమరావతి.

అమరావతిలో పాత బౌద్ధ స్తూపం ఉన్న దీపాలదిన్నె దగ్గర నేను ఎన్నిసార్లు పిల్లల్ని నడిపించానో లెక్కలేదు. అక్కడ మిగిలింది ఇటుకల పునాది, చుట్టూ పాతిన కొన్ని పలకలు. ఉండాల్సినవాటిలో ఎన్నో ఇక్కడ వరసగా నిలబడి ఉన్నాయి. పల్నాటి సున్నపురాయి గాలిలో తేమకు దెబ్బతింటుంది, అందుకే ఆ గాజు, ఆ చల్లదనం. 1992 నుంచి ఇలా ఉన్నాయి. అంతకుముందు వీటి కథ సుఖమైంది కాదు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు పనివాళ్ళు ఇటుకల కోసం, రాళ్ళ కోసం దిన్నెను తవ్వారు. ఆ కబురు విని కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. అప్పటికే స్తూపం నడిమధ్యన గొయ్యి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. తర్వాత 1859లో ఓడెక్కాయి. లండన్‌లో ఒక పాత భవనపు బండ్ల సాలలో వాటిని భవనాల చరిత్ర రాసే ఫెర్గుసన్ కనుక్కుని ఫోటోలు తీయించాడు. బ్రిటిష్ మ్యూజియంకి చేరింది 1880లో.

పిల్ల ఇదంతా విని, "అంటే పెద్దమ్మా, ముందు పాడుచేసింది మనవాళ్ళేనా?" అంది.

"మొదలుపెట్టింది మనవాళ్ళే. పూర్తిచేసింది అందరూ" అన్నాను.

ఆ రాళ్ళలో నేను ముఖ్యంగా చూడాలనుకున్నది రెండువైపులా చెక్కిన పలక. ఒక వైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు చెక్కడం. బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దానికి మొక్కుతున్న మనుషులు. బుద్ధుడు కనిపించడు, ఆసనమే ఆయన. ఇంచుమించు మూడు వందల ఏళ్ళ తర్వాత ఎవరో అదే రాయిని తిప్పి వెనకవైపు స్తూపాన్ని చెక్కారు. ఎత్తైన అండం, అంటే గుమ్మటం, ముందు వరసగా నిలబెట్టిన ఆయక స్తంభాలు, పైన ఎగిరే గంధర్వులు. అమరావతి స్తూపం ఎలా ఉండేదో మనకు ఇంత బాగా తెలియడానికి ఇలాంటి పలకలే ఆధారం. రాయిని పారేయకుండా తిప్పి వాడుకున్న ఆ శిల్పి పొదుపు వల్ల ఇవాళ రెండు కాలాలూ ఒకే చోట దొరుకుతున్నాయి.

నేను పిల్లకు ఇది తెలుగులో చెబుతుంటే పక్కన ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు. భాష తెలియదు, నా చెయ్యి ఎటు చూపిస్తే అటు చూస్తున్నారు. మా పిల్ల వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. ఖాళీ ఆసనం దగ్గర "అది ఖాళీ కాదు" అని చాలా సీరియస్‌గా చెప్పింది. నేను అనని మాట. బాగుంది.

మంగళవారం

పొద్దున్న వాన, మధ్యాహ్నం ఉక్క. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీ. సెయిన్స్‌బరీ విభాగాన్ని బాగుచేసి ఆ మే నెలలోనే మళ్ళీ తెరిచారు, కాబట్టి జనం అటే. టూర్‌లో మా బృందం మరీ పెద్దదైపోయింది, వెనకవాళ్ళకు మాట అందలేదు. వాన్ ఐక్ గీసిన దంపతుల బొమ్మ దగ్గర మాత్రం అందరూ ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూసి వెనక గోడ మీది అద్దంలో ప్రతిబింబాలు వెతికారు. ఇంటికి త్వరగా వచ్చేశాం.

బుధవారం

సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా భూమి కింద నడిచే సొరంగం ఉంది. 1885 నాటిది. వాన పడితే ఇంతకన్నా సుఖం లేదు.

ఇక్కడా పెద్ద ద్వారం లోపలి నుంచి ఉచిత టూర్లు బయలుదేరతాయి. మాకు దొరికినాయన రిటైరైన ఇంజినీరు. ఆ సంగతి ఆయనే చెప్పాడు. చెప్పకపోయినా తెలిసేది. నకలు విగ్రహాల హాలులో రోములోని ట్రాజన్ స్తంభానికి తీసిన ప్లాస్టర్ అచ్చు ఉంది. కప్పు ఎత్తు సరిపోక రెండు ముక్కలుగా నిలబెట్టారు. దాని బరువు ఎలా మోస్తున్నారు, లోపల ఇటుకల గొట్టం ఎందుకుంది అని ఆయన చెప్పుకుపోతుంటే ఒక పిల్లాడు లోపలికి దూరి చూడబోయాడు.

నకళ్ళంటే మనకు చిన్నచూపు. ఇవి పెట్టిన ఉద్దేశం రోముకు, ఫ్లోరెన్సుకు వెళ్ళే స్తోమత లేని విద్యార్థుల కోసం. ఇప్పుడు ఇంకో ఉపయోగం కూడా తేలింది. అసలు స్తంభం రోములో పొగకూ వానకూ అరిగింది, ఇక్కడి అచ్చులో పందొమ్మిదో శతాబ్దం నాటి గీతలు అలాగే నిలిచాయి. మైకెలాంజెలో దావీదు నకలు వెనక చిన్న గాజుపెట్టెలో ప్లాస్టర్ ఆకు ఉంది. విక్టోరియా రాణి లాంటివాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు ఆ నగ్న విగ్రహానికి తగిలించేవాళ్ళట. మా పిల్ల దాని ఫోటో తీసి వాళ్ళమ్మకు పంపింది.

మధ్య తోటలో నీళ్ళ తొట్టి ఉంది, చాలా లోతు తక్కువ. వేసవిలో పిల్లలు చెప్పులు విప్పి దిగిపోతారు. కాపలావాళ్ళు ఏమీ అనరు. చుట్టూ ఎర్ర ఇటుక గోడలు, గడ్డి మీద పుస్తకాలు చదువుకునేవాళ్ళు. మ్యూజియం కార్యక్రమాల పట్టికలో ఇది రాయరు గానీ, పిల్లలున్న ఇళ్ళవాళ్ళు సగం మంది దీనికోసమే వస్తారని నా అనుమానం.

గురువారం

ఈ రోజు కోసం చెల్లెలు మూడు వారాల ముందే ఏర్పాటు చేసింది.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్ళే మే 31న స్ట్రాట్‌ఫర్డ్ వైపు, ఒలింపిక్ పార్కులో కొత్త గోదాం తెరిచారు. పేరు ఈస్ట్ స్టోర్‌హౌస్. 2012 ఒలింపిక్స్‌లో విలేఖరుల కోసం కట్టిన భవనంలో కొంత భాగం. మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టనివాటిలో రెండున్నర లక్షల వస్తువులు ఇక్కడ అరల్లో ఉంటాయి. అరల మధ్య మనం తిరగొచ్చు. సంచులు లాకర్లో పెట్టి లోపలికి వెళ్తే మెట్లెక్కగానే మూడంతస్తుల ఎత్తున ఇనుప అరలు, వాటి నిండా కుర్చీలు, కూజాలు, గిటార్లు, విగ్రహాలు, తలుపులు. నేలలో ఒక చోట గాజు పలకలు వేశారు. కిందికి చూస్తే ఆగ్రాలో మొఘలుల స్నానశాలకు చెందిన పాలరాతి స్తంభాలు. టూర్ల బృందాలు, వరసలు లేవు. ఎవరి దారి వారిది. కావాలంటే అక్కడి సిబ్బందిని ఆపి అడగొచ్చు.

అసలు విశేషం వేరే. ఎవరైనా సరే, వెబ్‌సైట్‌లో వెతుక్కుని ఐదు వస్తువుల దాకా ఎంచుకోవచ్చు. రెండు వారాల ముందు చెబితే వాటిని బయటికి తీసి, బల్ల మీద పెట్టి, మన ఎదురుగా చూపిస్తారు. ఉచితం. పరిశోధకులే కానక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. మనవాళ్ళు పెళ్ళిచీరలు ఎంచుకున్నంత ఉత్సాహంగా నేను రాకముందే ముగ్గురం ఫోన్లో మాట్లాడుకుని ఎంచుకున్నాం. అన్నీ అద్దకం గుడ్డలే. పద్దెనిమిదో శతాబ్దానివి, కోరమాండల్ తీరానివి.

చిన్న గదిలో పొడుగు బల్ల, మీద తెల్ల కాగితం. అక్కడి ఉద్యోగిని ఒక్కో గుడ్డను పొరలు విప్పుతూ పరిచింది. మొదట బయటపడింది ఎరుపు. రెండు వందల యాభై ఏళ్ళ నాటి ఎరుపు, నిన్న ఉతికి ఆరేసినట్టు. తెల్ల నేల మీద సన్నటి తీగలు, తీగలకు మన తోటల్లో పూయని పువ్వులు. అప్పట్లో కంపెనీ వర్తకులు ఐరోపా నుంచి నమూనాలు పంపి, నేల తెల్లగా ఉండాలని, పువ్వులు ఇలా ఉండాలని చెప్పి వేయించేవాళ్ళు. చూడని పువ్వును వేయమంటే చేయి తిరిగిన పనివాడు తనకు తెలిసిన మొగ్గను దానికి అంటగడతాడు. ఒక మూల ఆకుల మధ్యన అచ్చంగా తామర మొగ్గలాంటిది చూసి నేను నవ్వుకున్నాను.

ఆ ఉద్యోగిని రంగుల గురించి అడిగింది. పుస్తకాల్లో చదివిందట, చూడలేదట. పెడనలో, శ్రీకాళహస్తిలో నేను చూసినది చెప్పాను. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టడం, ఇనప ముక్కలు బెల్లం నీళ్ళలో నానబెట్టి చేసే కసిమితో నల్ల గీత, పటిక పూసిన చోట మాత్రమే ఎరుపు పట్టడం. పాల కొవ్వు వల్లే గీత పక్కకు కారదు. "పాలా?" అని రెండుసార్లు అడిగింది. "గేదె పాలు" అన్నాను. రాసుకుంది. ఎరుపుకు పాతకాలంలో వాడింది చిరివేరు, తీరంలో ఇసుక నేలల్లో పెరిగే మొక్క వేరు. కృష్ణ సముద్రంలో కలిసే చోట, నిజాంపట్నం వైపు దొరికే వేరుకు మంచి పేరు. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో మకాం పెట్టినప్పుడు కొనడానికి వచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది ఈ గుడ్డే.

తర్వాత ఇది ఎంతగా అమ్ముడైందంటే, ఐరోపా నేతగాళ్ళు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. ఇంట్లో తొడుక్కున్నా నేరమే. నిషేధం ఉన్నా దొంగతనంగా కట్టుకున్నారు. మా పిల్లకు కథ మొత్తంలో ఇది బాగా నచ్చింది.

చీటీ మీద తీరం పేరు, శతాబ్దం ఉన్నాయి. గీసిన మనిషి పేరు లేదు, ఉండే అవకాశమూ లేదు. సంతకం పెట్టే పని కాదు అది. అయినా ఒక చోట గీత తడబడి మళ్ళీ సరిచేసిన గుర్తు ఉంది. భూతద్దంలో స్పష్టంగా కనిపించింది. ఆ తడబాటు ముందు మేము ఉండాల్సిన సమయం కన్నా ఎక్కువే ఉన్నాం. తొందరపెట్టలేదు.

గురువారాల్లో ఇది రాత్రి పది దాకా తెరిచే ఉంటుంది. ఆఫీసు అయ్యాక మా మరిది కూడా వచ్చాడు. పికాసో బొమ్మతో ఉన్న 1924 నాటి నాటకపు తెర చూసి "ఇంత గుడ్డా!" అన్నాడు. పది మీటర్లకు పైన ఎత్తు.

శుక్రవారం

పికడిల్లీలో రాయల్ అకాడమీ వేసవి ప్రదర్శన. 1769 నుంచి ఏ ఏడూ ఆగలేదు. కరోనా వల్ల 2020, 2021లో మాత్రం శరదృతువుకు జరిగింది. దీనికి టికెట్ ఉంది. పేరున్నవాళ్ళూ, పేరులేనివాళ్ళూ ఎవరైనా పంపవచ్చు, ఎంచుకున్నవి గోడకెక్కుతాయి, చాలావాటికి ధర ఉంటుంది. ఎర్ర చుక్క అంటించారంటే అమ్ముడైపోయినట్టు. ముద్రణ చిత్రాల కింద చుక్కలు వరసగా ఉన్నాయి. ఆ ఏడు బాధ్యత ఫర్షీద్ ముసావీ అనే ఆర్కిటెక్టుది. అందుకే ఇళ్ళ నమూనాలను విడిగా ఒక గదిలో పడేయకుండా బొమ్మల మధ్యే పెట్టారు. అది బాగుంది. మిగతాది నాకు జాతరే. గోడ నిండా బొమ్మలు, ఒకటి చూస్తుంటే పక్కది లాగుతుంది. పిల్ల కుక్కల బొమ్మలన్నీ లెక్కపెట్టింది. కళ్ళు అలిసిపోయి టీ తాగి వచ్చేశాం.

శనివారం

కెన్సింగ్టన్ గార్డెన్స్. సర్పెంటైన్ గ్యాలరీ పక్కన 2000 సంవత్సరం నుంచి దాదాపు ప్రతి వేసవిలో ఒక ఆర్కిటెక్టు చేత తాత్కాలిక మండపం కట్టిస్తారు. ఈసారి బంగ్లాదేశ్‌కు చెందిన మరీనా తబస్సుమ్. కర్రతో కట్టిన పొడవైన కమానులు, మధ్య మధ్య లోపలికి పలచటి వెలుగు పంపే పలకలు, నడుమ ఆకాశం కింద ఒక గింకో చెట్టు. ఆలోచన షామియానా నుంచి వచ్చిందట. ఆ ముక్క వినగానే మాకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఎండ పడి కర్ర మీద వెలుగు పసుపుగా మారుతుంటే చెల్లెలు, "భోజనాల బల్లలు వేయడమే తక్కువ" అంది. అందరూ చుట్టూ బెంచీల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. లోపల చూడాల్సిన వస్తువంటూ ప్రత్యేకంగా లేదు. షామియానా పని కూడా అదేగా.

ఆదివారం

బ్రిటిష్ మ్యూజియంకి మళ్ళీ, ఈసారి టికెట్ కొని. ప్రాచీన భారతదేశపు హిందూ, జైన, బౌద్ధ భక్తి శిల్పాల ప్రత్యేక ప్రదర్శన ఆ అక్టోబరు దాకా నడిచింది. పదహారేళ్ళలోపు పిల్లలకు పెద్దవాళ్ళతో వస్తే టికెట్ అక్కర్లేదు. యక్షులు, యక్షిణులు, నాగులు ముందు వచ్చారు. మతాలు వేరువేరు గదులుగా విడిపోకముందు అందరూ మొక్కిన దేవతలు వీళ్ళే అన్నది ప్రదర్శన చెప్పే మాట. నాగుల దగ్గర నేను చాలాసేపున్నాను. మన పల్లెల్లో రావిచెట్టు కింద పసుపు రాసిన నాగశిలలు చూసి పెరిగినవాళ్ళకు ఇది పాఠం కాదు, పాత పరిచయం.

దీన్ని తయారుచేసేటప్పుడు ఇక్కడుండే హిందువులు, జైనులు, బౌద్ధులతో ఒక సలహా బృందం వేశారు. జంతువుల నుంచి వచ్చే పదార్థాలు లేని రంగులు వాడారు. వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారి ఇక్కడికి చేరిందో కూడా చెప్పారు. నేను ఇన్నేళ్ళూ క్లాసులో చెబుతూ వచ్చిన విషయం గోడ మీద అక్షరాల్లో చూడటం బాగుంది.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని మరిది అన్నాడు. "ఇంత తెలిసినప్పుడు అమరావతి రాళ్ళు తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది కదా వదినగారూ."

"1963 నాటి చట్టం ప్రకారం, కొద్ది మినహాయింపులు తప్ప ఈ మ్యూజియం తన వస్తువుల్ని వదులుకోలేదు. చట్టం మార్చాలి."

"మారుస్తారనుకోండి."

"మద్రాసులో మిగిలినవాటిని వెనకటికి గోడలకు సిమెంటుతో అతికించారు. ఆ రాళ్ళు ఎంత దెబ్బతిన్నాయో చూశావా?"

"అయితే ఇక్కడే ఉండమంటారా?"

"అలా అనలేదు. రావాలనే నాకూ ఉంది. వచ్చేలోపు అమరావతి మ్యూజియంలో ఉన్నవాటి పక్కన రోజూ పదకొండు గంటలకు ఒక మనిషి నిలబడి అరగంట చెబితే చాలు అంటున్నాను. దానికి ఏ చట్టమూ మార్చక్కర్లేదు."

"మీరు రిటైరయ్యారుగా. మీరే మొదలుపెట్టండి."

పిల్ల వెంటనే ఫోన్ తీసి టైమింగ్స్ రాసుకుంటానంది. రోజూనా అని అడిగింది.

"శుక్రవారం తప్ప" అన్నాను. "శుక్రవారం అక్కడ మ్యూజియంకి సెలవు."